బోలుపోయిన చింతచెట్టు: శాయంపేట దగ్గర రోడ్డు పక్కన రెండు రోజుల పని

శాయంపేట మండలంలోని ఒక ఊరి నుంచి ఏప్రిల్ రెండో వారంలో పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేశారు. ముందు రోజు రాత్రి గాలిదుమారానికి రోడ్డు పక్క చింతచెట్టు కొమ్మ ఒకటి విరిగి తారు మీద అడ్డంగా పడిందట. ఎవరికీ ఏమీ కాలేదు, కాకపోవడానికి కారణం ఒక్కటే, అది రాత్రి పదకొండు దాటాక పడింది. అదే కొమ్మ కింద పొద్దున పరకాల బస్సు కోసం పది పదిహేను మంది నిలబడతారు. మిగతా చెట్టు కూడా వెంటనే తీసేయాలని ఊరివాళ్లు పట్టుబడుతున్నారని, మీరు ఒకసారి వచ్చి చూడాలని ఆయన అడిగారు.

నేను హనుమకొండలో ఉంటాను, పద్దెనిమిదేళ్లుగా చెట్ల పనే చేస్తున్నాను, నాతో ఆరుగురు పనిచేస్తారు. ఈ ఒక్క పని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన ఊళ్లలో పెద్ద చెట్టు దించాలంటే అందరికీ తెలిసిన పద్ధతి ఒకటే, పైన మోకు కట్టి ట్రాక్టర్‌తో గుంజుతూ మొదట్లో కోయడం. ఈ చెట్టును అలా దించబోయి ఉంటే మనిషి ప్రాణం పోయేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో కొలతలతో సహా చెప్తాను.

మొదటి రోజు చూసింది

నేను వెళ్లేసరికి చెట్టు కింద ఇరవై మంది ఉన్నారు. ఒక పెద్దమనిషి, ఆయనకు సొంత ట్రాక్టర్ ఉంది, మంచి మనసుతోనే అన్నాడు: "గింత దానికి లిఫ్టులు, క్రేనులు ఎందుకన్నా, నా బండికి మోకు కట్టుర్రి, పొలం దిక్కు గుంజుతే పది నిమిషాల్ల పడ్తది." ఇంకొకాయన ఒక కట్టెల వ్యాపారితో అప్పటికే మాట్లాడి పెట్టాడు, కట్టె ఇచ్చేస్తే పైసా తీసుకోకుండా కొట్టుకుపోతానన్నాడట. వాళ్లను తప్పు పట్టను. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో కొద్దిసేపట్లోనే వందల ఎకరాల్లో వేల చెట్లు కూలినప్పటి నుంచి ములుగు, భూపాలపల్లి చుట్టుపక్కల జనానికి పెద్ద చెట్టును చూస్తేనే టెన్షన్. కానీ భయం ఉందని చెట్టు కొట్టేయలేం, ఉపాయం దొరికిందని ఎలాపడితే అలా దించలేం. ముందు చెట్టును చూడాలి.

కర్రతో కొలిస్తే ఎత్తు 17 మీటర్లు వచ్చింది. కర్ర పద్ధతి తెలియని వాళ్ల కోసం: చెయ్యి చాచి పట్టుకుంటే కంటి నుంచి పిడికిలి వరకు ఎంత దూరమో, పిడికిలి పైన కర్ర అంతే పొడవు ఉండాలి. కర్రను నిలువుగా పట్టుకుని, చెట్టు మొదలు పిడికిలి దగ్గరా కొస కర్ర చివరా కనిపించేంత దూరం వెనక్కి నడవాలి. అప్పుడు మీకూ చెట్టుకూ మధ్య ఉన్న దూరమే దాని ఎత్తు. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 4.1 మీటర్లు, అంటే అడ్డం 1.3 మీటర్లు. మేస్త్రీలు వాడే తూకం గుండు వేలాడదీసి చూస్తే 5 మీటర్ల ఎత్తులో బోదె 70 సెంటీమీటర్లు రోడ్డు వైపు ఒరిగి ఉంది. రోడ్డుకు అవతలి అంచున 11 కేవీ లైను, ఇవతల ఇళ్లకు పోయే తక్కువ వోల్టేజీ ఎల్‌టీ తీగలు, చెట్టుకు మూడు పెద్ద కొమ్మలు. ఒకటి రోడ్డు మీదికి, ఒకటి తీగల మీదికి, ఒకటి పొలంలోకి.

చింత అంటే అందరికీ గట్టి చెట్టు. చింత బరికె దెబ్బలు తిన్న తరానికి అది ఎంత వంగుతుందో, ఎంత తొందరగా విరగదో చెప్పక్కర్లేదు. కానీ ముసలి చింతలు లోపలి నుంచి బోలుపోతాయి, పైన ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది. నీళ్లు, ఆహారం మోసేది బెరడు, దాని కిందున్న చుట్టూ భాగం, అది బతికి ఉంటే చాలు చెట్టు చిగురిస్తూనే ఉంటుంది. పచ్చగా ఉంది కాబట్టి గట్టిగా ఉందనుకోవడమే ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు. దీనికి తిరుగుడు పొరపాటు కూడా ఉంది, 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొసలు ఎండిపోయినప్పుడు చచ్చిపోయాయనుకుని కొందరు కొట్టేశారు, కొట్టకుండా వదిలినవి చాలా వరకు మళ్లీ చిగుర్లు వేశాయి.

రబ్బరు సుత్తితో చుట్టూ కొడుతూ వెళ్లాను. పొలం వైపు దెబ్బ గట్టిగా, పొట్టిగా వినిపించింది, రోడ్డు వైపుకు వచ్చేసరికి డప్పు మీద కొట్టినట్టు. మొదట్లో రోడ్డు వైపే చెయ్యి పట్టేంత తొర్ర, దాని పక్కన బల్లపరుపుగా గోధుమ రంగు పుట్టగొడుగులు. సన్నని పొడవాటి డ్రిల్లు బిట్‌తో నాలుగు వైపులా రంధ్రాలు వేసి, గట్టి పొట్టు రావడం ఎక్కడ ఆగి బిట్ ఎక్కడ జారిపోతోందో గుర్తు పెట్టాం. పొలం వైపు 24 సెంటీమీటర్ల గట్టి కట్టె ఉంది, ఒక పక్కన 19, ఇంకో పక్కన 17, రోడ్డు వైపు 9. మా పనిలో ఒక మోటు లెక్క ఉంది, బోదె సగం అడ్డంలో కనీసం మూడో వంతు మందం గట్టి కట్టె మిగిలి ఉండాలని. ఇక్కడ సగం అడ్డం 65, అంటే 21, 22 ఉండాలి. పొలం వైపు తప్ప ఎక్కడా లేదు. (నిలబెట్టాలనుకునే చెట్టుకు ఇలా రంధ్రాలు వేసుకుంటూ పోవద్దు, ప్రతి రంధ్రం కుళ్లుకు దారి. సుత్తితోనూ కంటితోనూ తేలనప్పుడే.)

అయినా బోలు ఒక్కటే అయితే నేను చెట్టు తీయమని చెప్పేవాణ్ని కాదు. పైన మూడో వంతు బరువు తగ్గిస్తే ముసలి చింత ఇంకా ఏళ్ల తరబడి నిలబడుతుంది. ములుగు వైపు ఒక ఊళ్లో ఇలాంటి చెట్టు కిందున్న బెంచీలను, పాన్ డబ్బాను అవతలికి జరిపించి చెట్టును ఉంచేశాం, ఇప్పటికీ ఉంది. ఇక్కడ మనసు మార్చింది నేల. పొలం వైపు బోదెకు మీటరున్నర దూరంలో, నెలవంక ఆకారంలో, వేలు పట్టేంత బీట కనిపించింది. నల్లరేగడి నేలలో వేసవి బీటలు ఎక్కడైనా ఉంటాయి, అవి అన్ని దిక్కులకీ వల అల్లినట్టు పోతాయి, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. కానీ ఇది ఎర్ర చల్క, చుట్టుపక్కల ఇంకెక్కడా బీట లేదు, చెట్టును చుట్టి ఒక్క వంపు మాత్రమే ఉంది. చెట్టు ఒరిగిన వైపుకు ఎదురుగా, అంటే దాన్ని పడిపోకుండా వెనక్కి పట్టి ఉంచే వేర్లు ఉండాల్సిన చోట. కార్యదర్శిని అడిగితే, కొన్నేళ్ల కింద పైపులైను కోసం ఆ వైపే కందకం తవ్వారని చెప్పారు. అప్పుడు అర్థమైంది. పట్టి ఉంచే వేర్లు తెగాయి, గాలికి చెట్టు మొత్తం వేరుగడ్డతో సహా కదులుతోంది. కొమ్మలు తగ్గిస్తే ఈ జబ్బు పోదు.

ట్రాక్టర్ ఎందుకు వద్దన్నానంటే

ఆ పెద్దమనిషికి నేల మీద పుల్లతో గీసి చూపించాను, ఇక్కడా అదే రాస్తున్నాను.

గట్టి చెట్టును పడేసేటప్పుడు పడాల్సిన వైపు ముందు గాటు పెడతాం, అడ్డంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు లోతు. తర్వాత వెనక నుంచి కోసుకుంటూ వచ్చి, మధ్యలో అడ్డంలో పదో వంతు మందం పట్టీని కోయకుండా వదిలేస్తాం. తలుపుకు బందు ఎలాగో చెట్టుకు ఆ పట్టీ అలాగ. చెట్టు నేలకు తాకేదాకా దారి చూపేది అదే, మోకు కాదు, ట్రాక్టర్ కాదు. బోలు చెట్టులో ఆ పట్టీ మధ్య భాగమే ఉండదు. రెండు చివర్లా పెంకులాంటి ముక్కలు మిగులుతాయి, ఒక ముక్క తెగితే చాలు చెట్టు తన సొంత ఒరుగుకు, అంటే రోడ్డు మీదికి, తీగల మీదికి తిరుగుతుంది. అప్పుడు ట్రాక్టర్ ఎటు గుంజినా లాభం లేదు. పైగా పల్చటి పెంకు వెనక కోత పూర్తి కాకముందే బరువుకు నలిగి కూర్చుండిపోవచ్చు, లేదా ఒరిగిన బోదె నిలువునా చీలి, వెనక సగం కోసేవాడి ఛాతీ ఎత్తుకు ఎగిరి రావచ్చు. అలా చీలిన బోదెను నేను ఒకసారి చూశాను, రంపం పట్టినవాడు పక్కకు జరిగి ఉన్నాడు కాబట్టి బతికాడు.

ఇంకొకటి మోకు పొడవు. 17 మీటర్ల చెట్టుకు 15 మీటర్ల మోకు కట్టి గుంజితే చెట్టు వచ్చి ట్రాక్టర్ మీదే పడుతుంది. పొలం వైపు కందకం, దాని తర్వాత గట్టు, ట్రాక్టర్ నిలబడడానికి ఉన్న చోటే 14 మీటర్ల లోపు. ట్రాక్టర్ బలంగా గుంజినప్పుడు మోకు ఎత్తులో కట్టి ఉంటే ముందు చక్రాలు లేస్తాయని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు గీతల వైపు చూసి, "అయితే నా బండి రోడ్డు అడ్డం పెట్టనీకి పనికొస్తది" అన్నాడు. నిజంగానే రెండు రోజులూ అందుకే వాడుకున్నాం, చాలా పనికొచ్చింది.

అందుకని ఈ చెట్టును పడేయడం లేదు, పై నుంచి ముక్కలుగా దించడమే అని తేల్చుకున్నాం. మనిషి చెట్టు ఎక్కకూడదు, ఎందుకంటే ఎక్కినవాడి ప్రాణం ఆ తొమ్మిది సెంటీమీటర్ల కట్టె మీద ఉంటుంది. బూమ్ లిఫ్ట్ బుట్టలో నుంచి కోయాలి, హైడ్రా క్రేన్ పట్టుకోవాలి. హైడ్రా కొక్కేనికే బుట్ట వేలాడదీసి మనిషిని ఎక్కించడం మన దగ్గర మామూలైపోయింది, నేను ఒప్పుకోను. సామాను ఎత్తే బండి వేరు, మనిషిని ఎత్తే బండి వేరు.

మధ్యలో ఒక నెల

వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం), 2002 ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. ఊరంతా సంతకాలు పెట్టినా అది అనుమతి కాదు. పంచాయతీ తీర్మానం, రోడ్డు శాఖ నుంచి లేఖ, అటవీ శాఖకు దరఖాస్తు, వాళ్లు వచ్చి చూసి ఇచ్చే కాగితం, ఆ తర్వాత కట్టె ఎవరికి చెందుతుందో, ఎక్కడికి పోతుందో రాతలో. ఇదంతా కాలయాపన అని ఊళ్లో విసుక్కున్నారు గానీ ఆ నెల వల్ల రెండు మేలు జరిగాయి. పై తొర్రలో రామచిలుకల పిల్లలు ఉన్నాయి, మే మొదటి వారానికి ఎగిరిపోయాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, పిల్లలున్న గూడును కిందికి దించే పని మావాళ్లెవరూ చేయరు. రెండోది, బడులకు సెలవులు వచ్చాయి.

అప్పటిదాకా చెట్టు పడకుండా చూసుకోలేం, పడితే కింద మనిషి లేకుండా చూసుకోగలం. బస్సు ఆగే చోటును మర్నాడే 60 మీటర్లు ముందుకు జరిపించాం. బీటకు అటూ ఇటూ రెండు ఇనుప మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం 30 సెంటీమీటర్లు ఉండేలా పెట్టి, రోజూ పొద్దున టేపు పెట్టి ఫోటో తీసి పంపమని కార్యదర్శిని అడిగాను. ఆయన ఒక్క రోజు కూడా తప్పలేదు. ఏప్రిల్ చివర్లో వడగండ్ల వాన పడ్డ మర్నాడు 30 కాస్తా 31 అయింది. సాయంత్రానికల్లా ఊళ్లో డప్పు వేయించి, గాలి మొదలైతే ఆ దారిన ఎవరూ రావద్దని చాటించారు. అప్పటి నుంచి పని రోజు దాకా నాకు సరిగా నిద్ర లేదు, ఉరుము వినిపిస్తే లేచి కూర్చునేవాణ్ని.

పని రోజు, తెల్లవారుజాము

మే మధ్యలో ఎండ 43, 44 దాకా పోతుంది. రంపం పట్టినవాడు ఎండకు తూలితే జరగకూడనిది జరుగుతుంది కాబట్టి అయిదున్నరకు మొదలుపెట్టి పదకొండుకు ఆపడం, మళ్లీ నాలుగింటికి. నీళ్లు, మజ్జిగ, ప్రతి నలభై నిమిషాలకు రంపం చేతులు మారడం.

రోడ్డు మీద రెండు వైపులా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఇది మే నెలలో ఏ ఊళ్లోనైనా ఉండేదే, నేను ముందు రోజే చెప్పించి ఉండాల్సింది, చెప్పించలేదు. రెండు కుటుంబాల ధాన్యం సరిగ్గా కొమ్మలు దిగే చోట. మావాళ్లు నలుగురు, వాళ్ల ఇంటివాళ్లు కలిసి గంటలో ఎత్తి అవతలికి మార్చాం. గంట ఆలస్యమైంది గానీ, వడ్ల మీద కొమ్మ పడేస్తే నష్టం మాట అలా ఉంచి, వడ్లు కాపాడుకోవాలని ఎవరో ఒకరు కొమ్మ కిందికి పరిగెత్తేవాళ్లు.

రోడ్డు ఆపడం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. దయచేసి రోడ్డుకు అడ్డంగా తాడు కట్టొద్దు. బైకు మీద వచ్చేవాడికి సన్నని తాడు కనపడదు, అది సరిగ్గా మెడ ఎత్తులో ఉంటుంది. చెట్టు ఎత్తుకు రెండింతలు, అంటే ఇటు 35, అటు 35 మీటర్ల లోపల పనివాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు, బండ్లను 100 మీటర్ల ముందే ఆపాలి. ఒక వైపు ట్రాక్టర్ ట్రాలీ, ఇంకో వైపు మా డీసీఎం అడ్డంగా పెట్టి, ముందు డ్రమ్ములు, ఒక్కో చోట జెండా, విజిల్ ఉన్న మనిషి. ఆ మనిషి ఊరివాడై ఉండాలి, ఎందుకంటే "మా చిన్నాయన ఇంటికే పోతున్న, ఒక్క నిమిషం" అని వచ్చేవాణ్ని పేరు పెట్టి పిలిచి ఆపగలిగేది ఊరివాడే. పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పాం, బస్సుకు పక్క ఊరి మీదుగా దారి చూపించాం. ఇన్ని చేసినా మొదటి రోజు ఒక కుర్రాడు పొలం గట్టు మీదుగా బైకు తోసుకుంటూ లోపలికి వచ్చేశాడు. విజిల్ వినగానే రంపం ఆగింది. ఎవరు విజిల్ వేసినా, ఎందుకు వేశారని అడక్కుండా పని ఆగాలి, ఇదొక్కటే మా దగ్గర మినహాయింపు లేని నియమం.

కరెంటు విషయం. ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మేం తీసుకోం, కరెంటు శాఖ మనిషే తన పేరు మీద సబ్‌స్టేషన్ నుంచి తీసుకుంటాడు, పని అయ్యేదాకా అక్కడే ఉంటాడు, తిరిగి ఇచ్చేదీ ఆయనే. లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచారు, 11 కేవీ మీద రాడ్లతో ఎర్త్ వేశారు. ఇక మొదలుపెట్టొచ్చు అనుకుంటుండగా లైన్‌మన్ అన్న ఎల్‌టీ తీగలకు టెస్టర్ పెట్టి చూసి, చెయ్యెత్తి ఆపాడు. ఒక సర్వీసు తీగలో కరెంటు ఉంది. అదే స్తంభం మీదుగా పోతున్నా దానికి సరఫరా ఊరి అవతలి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తోంది. దాన్ని కూడా ఆపించి, ఇన్వర్టర్లు, జనరేటర్ ఉన్న ఇళ్లకు మనిషిని పంపి చెప్పించి, మళ్లీ టెస్ట్ చేసి, అప్పుడు అవునన్నాడు. స్విచ్ తీశాం కాబట్టి కరెంటు లేదు అనుకోకూడదు. ముట్టుకునే ప్రతి తీగనూ వేరువేరుగా చూడాలి. ఆ అన్నకు నేను చాలా రుణపడి ఉన్నాను.

కొమ్మలు, ఒక తప్పు

ముందు తీగల వైపు కొమ్మ. కొసల నుంచి లోపలికి చిన్న చిన్న ముక్కలు, ముక్కకు తాడు, కింద ఒకడు ఆ తాడు పట్టుకుని తిప్పడానికి. చింత పచ్చికట్టె ఘనమీటరు టన్నుకు తక్కువ తూగదని లెక్క పెట్టుకోవాలి. 125 సెంటీమీటర్ల చుట్టుకొలత, మూడు మీటర్ల పొడవు అంటే 380 కిలోలు, రెమ్మలు కలిపి 450 అనుకోవాలి. హైడ్రా మీద 14 టన్నులు అని రాసి ఉంటుంది. అది బూమ్ దగ్గరగా ఉన్నప్పటి మాట, మేం చాచిన దూరానికి క్రేన్ బరువుల చార్టు ప్రకారం రెండు టన్నుల లోపే. అందుకే ఏ ముక్కా 700 దాటకూడదని ముందే అనుకున్నాం.

తప్పు జరిగింది తొమ్మిది గంటలకు, రోడ్డు వైపు కొమ్మ దగ్గర, అది నా తప్పే. కొమ్మకు క్రేన్ బెల్టు వేసి, కొంచెం బిగించమని ఆపరేటర్‌కు చెయ్యి చూపించాను. మూలుగు వినిపించింది గానీ ఎంత బిగిసిందో సరిగా చూడలేదు, కొమ్మ బరువు కంటే ఎక్కువే పైకి లాగుతోంది. కోత అయిపోగానే కొమ్మ విల్లులా పైకి లేచింది, కోసిన చివర బుట్ట అంచుకు అర మీటరు దూరంలో ఊగి పోయింది. బుట్ట ఎప్పుడూ కోతకు పక్కన, బెల్టు వేసిన వైపు కాకుండా ఉండాలనే అలవాటు మాకు ఉంది, బుట్టలో ఉన్న తమ్ముడు ఆ అలవాటు ప్రకారమే బుట్ట పెట్టాడు కాబట్టి తగల్లేదు. వాణ్ని కిందికి దించి అరగంట పని ఆపేశాం. వాడు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేకపోయాను. వాడి వయసు 26, ఇంట్లో రెండేళ్ల పాప.

ఆ తర్వాత మూడు మార్చాం. బెల్టు బరువు పట్టేదాకానే బిగించాలి, పైకి లాగకూడదు, అది కొమ్మ కదలికను బట్టి చెప్పేది బుట్టలో ఉన్నవాడే. క్రేన్‌కు సైగ చేసేది ఒక్కడే, అప్పటిదాకా నేనూ చేశాను, ఇంకొకరూ చేశారు. ముక్క పొడవు మూడు మీటర్ల నుంచి రెండుకు తగ్గించాం. పని పొడవు పెరిగింది, ఆ రోజుతో అయిపోవాల్సిన కొమ్మలు మర్నాడు పొద్దుటి దాకా సాగాయి. రాత్రికి సగం చెట్టుతో రోడ్డు తెరవాల్సి వచ్చినప్పుడు, వేలాడే ముక్క ఒక్కటి కూడా పైన లేదని టార్చి వేసి రెండుసార్లు చూసుకున్నాకే కరెంటు తిరిగి ఇప్పించాం.

బోదె

రెండో రోజు తొమ్మిదిన్నరకు అయిదు మీటర్ల బోదె ఒక్కటే మిగిలింది. లోపల టార్చి వేసి, సన్నని వెదురుతో కదిపి చూస్తే ఉడుము ఒకటి బయటికి వచ్చి గట్టు మీదికి పోయింది. రోడ్డు పక్క చెట్లలో ఇనుము ఉంటుంది కాబట్టి చేతి డిటెక్టర్‌తో చుట్టూ చూశాం. ఫ్లెక్సీల మేకులు పీకాం. మీటరు ఎత్తులో గట్టిగా మోగిన చోట బయటికి ఏమీ కనపడలేదు, ఆ వరుసలో కోత పెట్టకుండా 30 సెంటీమీటర్లు కిందికి జరిపాం. తర్వాత ఆ ముక్క చీల్చితే ఎద్దులను కట్టే ఇనుప కడియం, చెట్టు దాన్ని మొత్తంగా మింగేసి పైన కట్టె పోసుకుంది. రంపం పదునైన గొలుసు దానికి తగిలి ఉంటే తెగి ఎటు ఎగిరేదో.

బోలు బోదెను బెల్టుతో ఎత్తితే బెల్టు నొక్కుడుకు పెంకు చీలే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి కోతకు పైనా కిందా రాట్చెట్ బెల్టులు రెండేసి చుట్టి బిగించాం. మీటరున్నర ముక్క ఒక్కోటి ఇంచుమించు టన్ను, ఇప్పుడు హైడ్రా దగ్గరగా నిలబడింది కాబట్టి ఇబ్బంది లేదు. రంపానికి 36 అంగుళాల బార్‌తో రెండు వైపుల నుంచీ కోశాం, పలుచగా ఉన్న రోడ్డు వైపు ముందు, గట్టిగా ఉన్న పొలం వైపు చివర. మూడు ముక్కల్లో బోదె అయిపోయింది, పన్నెండుకు కాస్త ముందు.

మొద్దును జేసీబీతో పెకిలించమని కొందరు అడిగారు. కందకంలో పైపు ఉంది, ఇటు తారు అంచు ఉంది, వేరుగడ్డ లాగితే రెండూ లేస్తాయి. నేల మట్టానికి కోసి, తొర్రలో మొరం నింపి దిమ్మిస చేశాం. రోడ్డు పక్క అడుగెత్తు మొద్దు వదిలేయడం మాత్రం చేయకూడదు, రాత్రిపూట బండి దిగితే అదే చంపుతుంది. ఆఖరికి రోడ్డంతా ఊడ్చాం, రంపం పొట్టు, చింతాకు తారు మీద ఉంటే బైకు జారుతుంది.

కట్టె విషయానికొస్తే, గట్టి కొమ్మల నుంచి మాంసం కొట్టే మొద్దులు పదకొండు వచ్చాయి, వాటిని పంచాయతీ వేలం వేసింది, మిగతాది వంట చెరకు. ఏటా ఆ చెట్టు చింతపండు వేలం పాడుకునే ముసలమ్మ ఒకామె రెండు రోజులూ దూరంగా కూర్చుని చూసింది. చివర్లో వచ్చి, "బిడ్డా, ఈ చెట్టు మీద నా ముగ్గురు బిడ్డల పెండ్లిళ్లు చేసిన" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇంట్లో ఆ చెట్టు గింజలే ఉన్నాయని తెలిసి, పంచాయతీ నర్సరీలో పోయించమని కార్యదర్శికి చెప్పాను, మొక్కలైతే తారు అంచుకు ఆరు మీటర్లు లోపల, తీగలు లేని వైపు పెట్టాలని చోటు కూడా చూపించి వచ్చాను.

బయల్దేరే ముందు పొలం వైపు మట్టి కొంచెం తవ్వి చూశాం. చేతి మందం వేర్లు అయిదు, కందకం గోడ దగ్గర కోసినట్టు ఆగిపోయి, కొసలు నల్లగా కుళ్లి ఉన్నాయి. రోడ్డు వైపు పెంకును టేపుతో కొలిస్తే అత్యంత సన్నని చోట 7 సెంటీమీటర్లే ఉంది, నా బిట్ చెప్పిన దాని కంటే రెండు తక్కువ. అదే కందకం వెంట అదే రోడ్డు మీద ఇంకా నాలుగు చింతలున్నాయి. వాటి చుట్టూ నేల చూశాను, రెండింటికి బీట లేదు, ఒకదానికి కొమ్మల బరువు తగ్గిస్తే సరిపోతుంది. నాలుగోదాని దగ్గర మేకులు రెండు దిగ్గొట్టి వచ్చాం, మధ్య 30 సెంటీమీటర్లు. కార్యదర్శి పొద్దున్నే ఫోటో పంపిస్తున్నారు.